మొదటి పేజీలున్న మూడు డిస్కులు

"మీ పేరు చూపించండి, మీ పుస్తకం తీసుకుపోండి" అని ఆయన అన్నాడు. అని నవ్వాడు. మాటకు కాదు, ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. పేర్లున్న పేజీలు లేవని మా ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే.

మాది ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే దారిలో ఒక ఊరు. రోడ్డు పక్కన ఆయన తాత కట్టించిన ఒక పొడవాటి గది, దాని ముందు రేకుల వరండా. అదే మా లైబ్రరీ. మా నాయన గొర్రెలు మేపేవాడు, మా అమ్మ ఆ గది ఊడ్చేది. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ఆ గదిలో కిటికీ కింద కూర్చుని చదివాను. భూగోళం, హోమియో వైద్యం, రేడియో రిపేరు, రాజుల చరిత్ర, ఏ బీరువా తెరిచి ఉంటే అది. నేను ఇవాళ ఆత్మకూరులో డీటీపీ షాపు నడుపుతున్నానంటే, ఆఫీసులకు అర్జీలు తప్పుల్లేకుండా రాసిస్తానని జనం నన్ను వెతుక్కుంటూ వస్తున్నారంటే, అది ఆ గది పెట్టిన భిక్ష. ఈ మాట ఎవరి ముందైనా తలెత్తి చెబుతాను.

ఆ గదిలో మొత్తం ఎనిమిది బీరువాలు. వాటిలో రెండింటి పుస్తకాలు ఆయన తాత కొన్నవి. మిగతా ఆరూ జనం ఇచ్చినవి. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా లైబ్రరీకి ఒక పుస్తకం ఇచ్చేవాళ్ళు. బిడ్డ పుడితే ఒకటి, ముసలమ్మ పోతే ఒకటి, బోరులో నీళ్ళు పడితే ఒకటి. పుస్తకం పేరు అచ్చయి ఉండే మొదటి పేజీలోనే ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో రాసేవాళ్ళు. రాయడం రానివాళ్ళకు ఇంకొకరు రాసిపెడితే కింద వేలిముద్ర వేసేవాళ్ళు. సోమశిల ప్రాజెక్టు ముంపులో ఇళ్ళు పోయి మా ఊరి శివార్లకు వచ్చిన కుటుంబాలు కూడా ఇచ్చాయి. వాళ్ళు తమ పేరు కింద మా ఊరి పేరు రాయలేదు. నీళ్ళ కిందికి పోయిన తమ ఊరి పేరే రాసుకున్నారు.

తాత పోయాడు, కొడుకు పోయాడు, మనవడైన ఈయన చేతికి వచ్చింది. కొన్నేళ్ళ కిందట చెదలు పట్టాయని ఆ మనవడు పుస్తకాలన్నీ బైండింగుకు పంపించాడు. తిరిగి వచ్చిన పుస్తకాలు కొత్త అట్టలతో మెరుస్తున్నాయి. తెరిచి చూస్తే ఒక్కదానికీ మొదటి పేజీ లేదు. దాని చోట తాత పేరు అచ్చేసిన ఒక చీటీ అంటించి ఉంది, అన్నిటికీ ఒకటే చీటీ. చెదలు తిన్న పేజీలు బైండరే తీసేశాడని మనవడు చెప్పాడు. మూడు వేల పుస్తకాల్లో చెదలు సరిగ్గా మొదటి పేజీని మాత్రమే ఏరుకుని తిన్నాయంటే ఎవరు నమ్ముతారు? అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ఆదివారం ఆయన ఊళ్ళో పెద్దల్ని వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. గదిని ఎరువుల షాపుకు ఇస్తున్నాడట. పుస్తకాలు వాళ్ళ బంధువుల ఇంజనీరింగు కాలేజీకి పోతాయట. అక్కడ అద్దాల బీరువాలు చేయించి తాత పేరు పెడతారట. బడిలో ఒక గది ఖాళీగా ఉంది, పుస్తకాలు ఊళ్ళోనే ఉంచుకుంటామని పెద్దలు నసిగారు. అప్పుడే ఆయన ఆ మాట అని నవ్వింది.

"మా తాతవి మా ఇష్టం. మీరిచ్చినవి ఉండాయంటారా, మీ పేరు చూపించండి, మీ పుస్తకం తీసుకుపోండి. శుక్రవారం లారీ వస్తాది."

నేను లేచి నిలబడ్డాను.

"పేరు చూపిస్తే ఇస్తావా అబ్బయ్యా?"

"ఏడ చూపిస్తావక్కా, పేజీలు చెదలు తినిపోయినాయి గదా."

"చూపిస్తే ఇస్తావా, ఇయ్యవా? అది చెప్పు."

ఆయన పెద్దల వైపు చూశాడు. మాట నిలబెట్టుకునే కుటుంబమని ఊళ్ళో ఆయన ఇంటికి పేరు, ఆ పేరుతోనే మూడు తరాలు ఓట్లు అడిగారు. "ఇస్తా" అన్నాడు.

నా ధైర్యం ఏమిటంటే, బైండింగుకు చాలా ముందే, ఇరవై ఏళ్ళకు పైమాటే, ఆ పేజీలన్నిటినీ నేను స్కాన్ చేశాను. అప్పట్లో లైబ్రరీకి ఎవరో ఒక పాత కంప్యూటరు, చేత్తో లాగే చిన్న స్కానరు ఇచ్చారు. రెండు వేసవులు కూర్చుని, బీరువా తర్వాత బీరువా, జనం ఇచ్చిన ప్రతి పుస్తకం మొదటి పేజీ మీద ఆ స్కానరు లాగాను. బొమ్మలన్నీ మూడు డిస్కుల్లో పెట్టాను. రెండు ఫ్లాపీలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం ఉండేవి అవి. మేము లావు ఫ్లాపీలు అనేవాళ్ళం. ఒక్కోదానిలో ఎనిమిది వందల పేజీలకు పైగా పట్టాయి. వాటిని చదివే పెట్టె, అంటే డ్రైవు, వేరేగా ఉంటుంది. కంప్యూటరు వెనక ప్రింటరు తగిలించే చోట దాన్ని తగిలించాలి. లైబ్రరీలో ఆ కంప్యూటరును మూలన పడేసినప్పుడు నేనే ఆత్మకూరుకు తెచ్చుకుని నా షాపులో బల్ల కింద పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున దాన్ని బయటికి లాగి దుమ్ము దులిపి, డ్రైవు తగిలించి, మొదటి డిస్కు పెట్టాను. ఒక్కో పేజీ డిస్కులోంచి కంప్యూటరులోకి రావడానికి పదిహేను సెకన్లు పట్టింది. ఒకప్పుడు రెండు సెకన్లు కూడా పట్టేది కాదు. లెక్క వేస్తే ఒక్క డిస్కుకే మూడు గంటలు దాటుతుంది. మా బజారులో పగలు కరెంటు మూడు గంటలు వరసగా ఉండటం గొప్ప. మధ్యలో పోయిందంటే ఆ పాత పెట్టె మళ్ళీ మొదటికి వస్తుంది.

పక్కషాపులో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే అతన్ని పిలిచాను. గుమ్మంలోనే నిలబడి చూశాడు. వంగను కూడా వంగలేదు.

"అక్కా, డిస్కు పోయినాదిది. ఇంకేమన్నా పనుంటే చూసుకో."

"చూడకుండా ఎట్టా చెబుతావు?"

"ఇంత పాతది నేను పుట్టినాక వచ్చినాదో, పుట్టకముందే వచ్చినాదో. నా దగ్గర చెత్తలో ఇట్టాంటి డ్రైవు ఇంకోటి ఉండాది, కావాలంటే అది పెట్టి చూడు."

"డ్రైవు కాదు. తెలియనప్పుడు తెలియదని చెప్పు, పోయినాదని చెప్పబాక."

అతను పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఈ రోజుల్లో రిపేరు అంటే ఒకటి తీసి ఇంకొకటి పెట్టడం. లోపల ఏం జరుగుతోందని అడిగేవాడు లేడు. ఆ కోపంతోనే నా నోటుబుక్కు తీశాను. లైబ్రరీలో చదివిన ప్రతి పుస్తకంలో నాకు పనికొస్తుందనుకున్నది అందులో ఎక్కించుకోవడం నాకు అలవాటు. ప్రింటరు పోర్టు గురించి ఒక పేజీ దొరికింది. ప్రింటరుకు కంప్యూటరు చెప్పడమే ఎక్కువ, ప్రింటరు తిరిగి చెప్పేది తక్కువ. అందుకని మామూలు పద్ధతిలో బయటికి పంపడానికి ఎనిమిది తీగలు వాడితే, లోపలికి తెచ్చుకోవడానికి నాలుగే వాడుతుంది. డిస్కులోంచి తెచ్చుకునేటప్పుడు ఇంటికొచ్చే దారే ఇరుకన్నమాట. దాన్ని వెడల్పు చేసే పద్ధతి ఒకటుంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలో మార్చాలి.

ఆ మార్పు నేను ఇరవై ఏళ్ళ కిందటే చేశాను. మరి ఎందుకు పోయింది? తెర మీద తేదీ చూశాక అర్థమైంది. కంప్యూటరు తను తయారైన రోజుల నాటి తేదీ చూపిస్తోంది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు జ్ఞాపకం పెట్టుకునేది అదే. అది ఎప్పుడో చచ్చింది. వాచీల షాపుకు వెళ్ళి కొత్తది తెచ్చి వేశాను, నీలం తెరలో పోర్టు మార్చాను. మొదటి డిస్కు మొత్తం అరగంటలో దిగింది. ఒక్క పేజీ తప్పిపోలేదు.

నేను ఊరుకుంటానా? పక్కషాపు గుమ్మంలోకి వెళ్ళి గిరాకీ ముందే అన్నాను. "పోయినాదంటివే, పోలా. పుస్తకం చదివినోళ్ళకి పోదు."

"మంచిదక్కా" అన్నాడు అతను, చేతిలో ఫోను మీద నుంచి తల ఎత్తకుండా.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే తర్వాత ఇంత మండేది కాదేమో.

మంగళవారం రెండో డిస్కు పెట్టాను. ఓ వంద పేజీలు బాగానే వచ్చాయి. తర్వాత ఒక్కోటి నిమిషం, తర్వాత మూడు నిమిషాలు. టీ తెప్పించుకుని తాగి గ్లాసు తిరిగి ఇచ్చేసరికి ఒక పేజీ. మధ్యమధ్యలో డ్రైవులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. నేనేం చేశాను? నీలం తెర తెరిచాను. నిన్న కారణం అక్కడ దొరికింది కాబట్టి ఇవాళ కూడా అక్కడే ఉంటుందని నాకు అనుమానం కూడా రాలేదు. ఉన్న మూడు పద్ధతులూ మార్చి మార్చి చూశాను. వైరు మార్చాను. బ్యాటరీ తీసి నాలుకకు ఆనించి మళ్ళీ పెట్టాను. ప్రతి మార్పుకూ ఎన్ని సెకన్లు పట్టిందో నోటుబుక్కులో గీతలు గీసి రాసుకున్నాను. ఆ పట్టిక ఇప్పటికీ ఉంది. ఎంత శుభ్రంగా రాశానో. ఒక్క అంకె కూడా దేనికీ పనికిరాలేదు.

డిస్కు మీదున్న ఇనప రేకు అంచున ఎర్రగా ఏదో అంటుకుని ఉండటం నేను చూశాను. ఇది దాచను. మంగళవారమే చూశాను. తుప్పు అని కూడా అనుకోలేదు. కారణం లోపల ఎక్కడో లోతుగా ఉంటుంది, పైకి కనిపించేదానితో నాకేం పని అన్నట్టు ఉన్నాను.

బుధవారం మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. వచ్చిన కాసేపటికి మనవడి ఫోను.

"ఏందక్కా, పేర్లు దొరికినాయా?"

"దొరుకుతుండాయి."

"లారీవోడు రేపే వస్తానంటుండాడు. నేనే ఆపినా, అక్క కష్టపడతా ఉండాదని."

"శుక్రవారం అంటివి, శుక్రవారమే రానీ."

"సరే సరే. కోపం దేనికి? మా తాత పెట్టిన లైబ్రరీలో చదివిందానివి, నువ్వు పైకొస్తే మాకే గదా పేరు."

ఫోను పెట్టేశాను. నా చదువును కూడా ఆ చీటీ అంటించిన పుస్తకాల్లో కలిపేశాడు. ఆ కోపంతో డ్రైవును సాయంత్రం దాకా అలాగే తిప్పాను. టిక్కు టిక్కుమంటున్నా ఆపలేదు. షాపు మూసేసరికి రెండో డిస్కులో మూడు వందల ఇరవై పేజీలు వచ్చాయి. ఇంకా అయిదు వందలున్నాయి. మూడో డిస్కు మొదలే పెట్టలేదు.

ఆ అయిదు వందల్లో నాలుగో బీరువా పుస్తకాలున్నాయి. ముంపు ఊళ్ళవాళ్ళు ఇచ్చినవి సగం అందులోవే. మా నాయన ఇచ్చింది కూడా అందులోనే. ఆయనకు చదవడం రాదు. నేను ఆ గదిలో చదువుకుంటున్నానని, ఒకసారి గొర్రెలు అమ్మడానికి నెల్లూరు పోయినప్పుడు ఒక పుస్తకం కొనుక్కొచ్చాడు. గొర్రెలకొచ్చే జబ్బులు, వాటి మందుల మీద పుస్తకం. అంగడివాడిని అడిగి, తనకు తెలిసిన విషయమే ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. "మా పాప ఈడ చదువుకుంటా ఉండాది, అందుకని" అని ఆయన చెబితే నేనే మొదటి పేజీలో రాశాను. కింద వేలిముద్ర వేశాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన వేలిముద్ర మా ఇంట్లో ఇంకే కాగితం మీదా లేదు.

గురువారం మా అమ్మ కంటి డాక్టరుకు చూపించుకుందామని పొద్దునే షేర్ ఆటోలో ఆత్మకూరు వచ్చింది. చూపించుకుని, చుక్కల మందు సీసా చేత్తో పట్టుకుని, నాకు అన్నం క్యారియరు తీసుకుని షాపుకు వచ్చింది. బల్ల మీద మూడో డిస్కు ఉంది. దాన్ని తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది నేను పెట్టిన బొట్టే" అంది.

"ఏ బొట్టు?"

"ఆయుధ పూజకు పెట్టినా గదే. ఇన్నేళ్ళైనా ఎట్టుండాదో చూడు, పసుపు తడి మీద పెట్టినా, అందుకని పోలా."

నేను డిస్కు లాక్కున్నాను. ఇనప రేకు మీద, అంచు నుంచి లోపలికి, ఎండి పెచ్చులు కట్టిన కుంకుమ. రేకును వేలితో పక్కకు జరిపితే లోపలి అంచున ఎర్రటి పొడి. డ్రైవులోంచి రెండో డిస్కు బయటికి తీసి రేకు జరిపాను. అందులోనూ పొడి. లోపలి నల్లటి బిళ్ళ మీద గుండ్రంగా, వెంట్రుకంత సన్నటి గీత. రెండు రోజులుగా డ్రైవు ఒక్కో పేజీని పదిసార్లు చదవబోయి, చదవలేక, మళ్ళీ ప్రయత్నించి, ఆ పొడిని బిళ్ళ మీద వేసి రుద్దింది. రుద్దించింది నేను.

"నీకేమన్నా మతుండాదా అమ్మా? దీని మీద ఎవరన్నా కుంకం పెడతారా? ఎందుకు పెట్టినావు? ఎవరు పెట్టమన్నారు?"

షాపులో అర్జీల కోసం కూర్చున్న ఇద్దరు లేచి బయటికి పోయారు. మా అమ్మ క్యారియరు బల్ల మీద పెట్టింది.

"అరవబాక. కత్తికి పెట్టినా, చీపురుకు పెట్టినా, కంప్యూటరుకు పెట్టినా. ఇవి బల్ల మీద రెండుంటే వీటికీ పెట్టినా. నువ్వు ఆ పెట్టె ముందరే కూర్చోనుంటివి. వద్దని నోరు తెరిచినావా?"

తెరవలేదు. నాకు ఆ రోజు గుర్తొచ్చింది. మొదటి డిస్కు డ్రైవులో ఉంది, అందుకే దానికి బొట్టు తగల్లేదు. మా అమ్మ పళ్ళెంతో వచ్చి మిగతా రెండింటికీ పెట్టి, కళ్ళకు అద్దుకుంది. చదువు రాని మా అమ్మ నేను చేసిన పనికి దండం పెడుతోందని నాకు గొప్పగా అనిపించింది. డిస్కులోకి దుమ్ము పోకూడదని అప్పటికే నోటుబుక్కులో రాసుకుని ఉన్నాను. అది కూడా ఇప్పుడు వెతికితే దొరికింది.

గొడవ విని పక్కషాపు అతను వచ్చాడు. ఈసారి వంగాడు. డ్రైవు మూతిలోకి టార్చి కొట్టి చూశాడు.

"దీంట్లో డిస్కు చదివే హెడ్డు నిండా కుంకమే అక్కా. ఇంక దీంట్లో మంచి డిస్కు పెట్టినా అదీ పోతాది."

"నీ దగ్గర ఇంకోటుండాది అంటివే."

అతను సోమవారం నాటి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. వెళ్ళి చెత్త డబ్బాలోంచి ఆ రెండో డ్రైవు తీసుకొచ్చి గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. "ఒకటే ఉండాది. ఆ గీత పడిన డిస్కు పెట్టినావంటే దీనికీ అంటుకుంటాది. ఏది ముందు పెడతావో నువ్వే ఆలోచించుకో."

మా అమ్మకు విషయం మెల్లిగా అర్థమైంది.

"మీ నాయనది ఏ దాంట్లో ఉండాది?"

"రెండోదాంట్లో. గీత పడినదాంట్లో."

"ఐతే ముందు అది పెట్టు."

"అది పెడితే మూడోది రాదమ్మా. మూడోదాంట్లో ఎనిమిది వందలుండాయి."

"మీ నాయనదొక్కటి వచ్చినాక ఆపెయ్యి."

"ఆయనది మధ్యలో ఎక్కడో ఉండాది, ఏ నంబరో రాసిపెట్టుకోలా. ఆడికి పొయ్యేలోగా డ్రైవు పోతాది."

మా అమ్మ నా వైపే చూసింది. చుక్కల మందు వేసిన కళ్ళు, వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి మందు నీళ్ళో కావో నాకు తెలియదు. "నువ్వు చదువుకున్నదానివి, నీ ఇష్టం" అంది. ఇంత పదునుగా నన్ను ఎవరూ తిట్టలేదు.

మూడో డిస్కు తీసుకున్నాను. రేకును స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచాను. రేకు జరిపి, డిస్కును తలకిందులు చేసి తట్టాను, సన్నటి బ్రష్షుతో అంచులన్నీ దులిపాను, మళ్ళీ తట్టాను. తెల్ల కాగితం మీద ఎరుపు రాలడం ఆగేదాకా రెండు గంటలు అదే పని. తర్వాత కొత్త డ్రైవులో పెట్టాను. అరగంటకు కొంచెం ఎక్కువ పట్టింది. ఎనిమిది వందల పేజీల్లో పది తప్ప అన్నీ వచ్చాయి. రెండు రోజులు నీలం తెర ముందు కూర్చోకుండా ఆ రెండు గంటలు మంగళవారమే కూర్చుని ఉంటే రెండో డిస్కు కూడా ఇలాగే వచ్చేది.

చివరికి రెండో డిస్కు పెట్టాను. పద్దెనిమిది పేజీలు వచ్చాయి. పందొమ్మిదో పేజీకి టిక్కుమంది, ఆ తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. పక్కషాపు అతను పాత కంప్యూటరు హార్డు డిస్కు ఊడదీసి, తన దగ్గర తగిలించి, వచ్చిన పేజీలన్నీ పెన్ను డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు.

శుక్రవారం వరండాలో ఒక బల్ల మీద లాప్‌టాపు పెట్టాను. ఒక్కో కుటుంబం వచ్చింది. నేను పేజీ తెరిచి చూపించాను, మనవడు చదివాడు, మనిషిని పెట్టి పుస్తకం తీయించి ఇచ్చాడు. మొదటి గంట ఆయన నవ్వు అలాగే ఉంది. మధ్యాహ్నానికి పోయింది. దాదాపు రెండు వేల పుస్తకాలు గదిలోంచి బయటికి వచ్చాయి, తర్వాత బడికి చేరాయి. మాట మీద నిలబడ్డాడని ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ను పొగుడుతారు. కత్తిరించిన పేజీల సంగతి ఎవరూ ఎత్తరు. ఎవరి వస్తువు వాళ్ళకు ఇచ్చినందుకు పొగడ్త ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ముంపు ఊళ్ళవాళ్ళలో చాలామందికి ఏమీ రాలేదు. "మాది లేదామ్మా?" అని ఒక ముసలాయన మూడుసార్లు అడిగాడు. నీళ్ళ కింద ఉన్న ఆయన ఊరి పేరు ఆయన చేతిరాతతో ఉన్న పేజీ అది. డిస్కు పాతది, పాడైపోయింది పెదనాయనా అని చెప్పాను. అది అబద్ధం. డిస్కు పాతది కావడం వల్ల పోలేదు. రెండు రోజులు నేను చూడాల్సినచోట చూడకపోవడం వల్ల పోయింది. ఆయనకు ఆ రోజు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"ఇంకెవురన్నా ఉండారా?" అన్నాడు మనవడు, లేవబోతూ.

మా అమ్మ చీర కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది. నాలుగో బీరువా, కింది నుంచి రెండో అర, కుడివైపు చివర. ఏళ్ళ తరబడి ఆ అరలు తుడిచిన మనిషి. కొత్త అట్ట వేసినా పుస్తకం మందాన్ని బట్టి గుర్తుపట్టి తీసుకొచ్చింది.

"ఇది మాది."

మనవడు పుస్తకం తెరిచాడు. తాత చీటీ ఉంది.

"పేరేదవ్వా?"

"నీ బైండింగోడిని అడుగు."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అవ్వా, నేను చెప్పినమాట తప్పలా. పేరు చూపించినోళ్ళందరికీ ఇచ్చినా. నీకొక్కదానికి మాట మార్చమంటే ఎట్టా?"

నేను చుట్టూ చూశాను. వరండా నిండా జనం. నేను తెరిచి చూపించిన పేజీలతో వచ్చిన పుస్తకాలు వాళ్ళ చంకల్లో ఉన్నాయి. మా అమ్మ ఊడ్చిన గదిలో చదువుకున్నవాళ్ళు వాళ్ళు, మా నాయన దగ్గర పొట్టేలు కొన్నవాళ్ళు వాళ్ళు. ఇది ఆ గొర్రెలాయన ఇచ్చిందేనని, మేము చూశామని, ఒక్క మనిషి అంటే చాలు. ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పేజీ లేకుండా అడిగితే, అంతకుముందు చూపించిన రెండు వేలను కూడా ఆయన తిరగతోడతాడని భయపడ్డాను.

ఆయన ఆ పుస్తకాన్ని మా అమ్మ చేతిలోంచి మెల్లిగా, చాలా మర్యాదగా తీసుకుని అట్టపెట్టెలో పెట్టాడు. లారీ వెళ్ళిపోయింది.

ఇంజనీరింగు కాలేజీలో అద్దాల బీరువా చేయించారని విన్నాను. పిల్లలు దానికి ఎదురుగా నిలబడి ఫోటోలు తీసుకుంటారట. తాళం వేసి ఉంటుందట. గొర్రెకు గాలికుంటు వస్తే ఏం చేయాలో, కాలిగిట్ట పుచ్చితే ఏం కట్టాలో చెప్పే పుస్తకం అక్కడుంది. ఆ కాలేజీలో గొర్రెలు లేవు. మా ఊళ్ళో ఉన్నాయి.